పత్యం లేని రోగం

మద్రాసు డాక్టరు నన్ను ఇంటికి పంపిస్తూ "ఏదైనా తినొచ్చు" అన్నాడు. ఆ ఒక్క మాటతో మా ఇంట్లో ఆయన పరువు పోయింది.

మా అమ్మ ముందు నమ్మలేదు. నేను సరిగా వినలేదేమోనని, పక్కనే నిలబడి విన్న నా భార్యను అడిగింది. ఆమె మా మేనమామ కూతురు. అమ్మకు కోడలి కంటే ముందు తమ్ముడి బిడ్డ, అందుకని ఆమె మాటకు విలువెక్కువ.

"వంకాయ తినొచ్చన్నాడా?"

"అన్నాడత్తా."

"పెరుగు?"

"అదీ అన్నాడు."

"గోగాకు?"

"ఏదైనా అంటే గోగాకు గూడా వస్తాది కదత్తా."

అమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. "పడిశెం పట్టినోనికి గూడా నాటువైద్యుడు పత్యం చెప్తాడే! ఇంత పెద్ద రోగానికి ఏమీ చెప్పకుండా పంపిచ్చినాడంటే, వాడు డాక్టరేనా, లేకుంటే గేటుకాడ కూసునేటోడా?"

అప్పటికి గజాలు పోయి మీటర్లు వచ్చిన కొత్త. విడపనకల్లులో మాకు చిన్న బట్టల అంగడి ఉండేది. రవికె గుడ్డకు వచ్చిన ఆడవాళ్ళు మీటరు కడ్డీని దొంగను చూసినట్టు చూసి, "ఇది గజం కంటే పొడుగా, పొట్టా?" అని నన్ను విసిగిస్తున్న రోజుల్లోనే నా గొంతులో పుండు బయటపడింది. నాలుక మొదట్లో, మింగేటప్పుడు తగిలే చోట. ఊళ్ళో పెద్దలు దాన్ని రాచపుండు అన్నారు. సంస్థానాలన్నీ కలిసిపోయి, రాజులంతా భరణాలు తీసుకుని ఇంట్లో కూర్చున్న కాలంలో ఆ రాచమర్యాద నాకొక్కడికే ఎందుకు మిగిలిందో తెలియలేదు.

గుంతకల్లులో రైలెక్కి మద్రాసు పోయి, సత్రంలో దిగి, గొంతుకు కరెంటు పెట్టించుకున్నాను. కిరణాలతో పుండును మాడ్చే ఆ వైద్యాన్ని మావైపు అట్లాగే అంటారు. మా వీధికి ఇంకా కరెంటు స్తంభాలు రాలేదు. నా గొంతుకు వచ్చేసింది. తిరిగొచ్చాక వీధివాళ్ళు నన్ను చూసిన చూపులో జాలితో పాటు కొంచెం అసూయ కూడా ఉందని నా అనుమానం.

పుండు మానింది. నోరు మాడింది. డాక్టరు మొదటి సంగతి చూసి సంతోషించాడు, రెండో సంగతి నాకు వదిలేశాడు. నోట్లో ఉమ్మి ఊరడం ఆగిపోయింది. అంతవరకూ అనంతపురం జిల్లాలో నేనుండేవాణ్ణి. ఇప్పుడు జిల్లానే నా నోట్లోకి వచ్చి కూర్చుంది. చింతపండు చూస్తే దవడల కింద మబ్బు పట్టినట్టు అవుతుంది, అంతే, చినుకు పడదు. అన్నం పెట్టుకుంటే, తడి పదును లేని చేన్లో విత్తనం వేసినట్టు వేసిన మెతుకు వేసిన చోటే ఉంటుంది. ఇక రుచి సంగతి చెప్పే పనే లేదు. పాలు సున్నపునీళ్ళు. బెల్లం బంకమట్టి. కాఫీ తాగితే గంజి పెట్టిన కోరాగుడ్డను నానబెట్టి పిండుకుని తాగినట్టుండేది. నేను అంగడివాణ్ణి కాబట్టి ఆ పోలిక తట్టింది. వేరేవాడికి ఇంకేం తట్టేదో.

డాక్టరు చెప్పిన మాట ఇంకొకటుంది. ఉగాది దాటాక మళ్ళీ రావాలి. అప్పటికి బరువు ఇంకా తగ్గితే పొట్టకు చిల్లు పెట్టి రబ్బరు గొట్టం వేస్తారు. గంజి, పాలు అందులోంచే పోస్తారు. నోటితో పని ఉండదు. దాన్ని మాకు తెలుగులో చెప్పిన నర్సమ్మది చిత్తూరు వైపు. ఆమె చూపుడువేలితో తన బొడ్డు పైన ఒక చోట గుచ్చి చూపించింది. నా భార్య ఆ వేలును మరిచిపోలేదు. రైల్లో వచ్చే దారంతా నా పొట్టమీద సరిగ్గా ఆ చోటే చూస్తూ వచ్చింది.

అంటే నేను చేయవలసిన పని తినడం. ఆ ఒక్కటీ తప్ప అన్నీ చేయనిచ్చారు.

డాక్టరు చెప్పని పత్యాన్ని ఊరు చెప్పింది. పలకరించడానికి వచ్చిన ప్రతి మనిషీ ఒక తిండి వస్తువును వెంట తీసుకుపోయేవాడు. ఎదురింటామె వచ్చి పెరుగు తీసుకుపోయింది. చల్లన, గొంతుకు పడదంది. మా పెద్దబావ వచ్చి గుమ్మడికాయను, వంకాయను ఒకే విడత తీసుకుపోయాడు. పంచెల చాపు కోసం అంగడికి వచ్చిన ఒక రైతు ఊరికే పోలేక ఆగాడు.

"ఏమప్పా, బో చిక్కిపోయినావే! ఏం తింటాండావు?"

"అన్నం."

"అన్నంలోకి?"

"పప్పు."

"పప్పా! కందిపప్పు వాయువప్పా. మా చిన్నాయన పప్పు తినే పోయినాడు."

"ఆయనకేం రోగం?"

"రోగమేముండాది, బాయిలో పడినాడు. పప్పు తిని వస్తాంటే కండ్లు తిరిగినాయంట."

ఆ మాట లోపలి గదిలో ఉన్న అమ్మ చెవిన పడింది. ఆ పూట నుంచి కందిపప్పు కూడా పోయింది. తర్వాత వేరుశనగ బుడ్డలు పైత్యమని పోయాయి. రాగి సంగటి మందమని పోయింది. చింతపండు పుండును మళ్ళీ లేపుతుందని పోయింది. నూనె ఏ నేరం మీద పోయిందో గుర్తులేదు. పత్యం నాకు, పైత్యం వాళ్ళకు అని నాలో నేనే అనుకుని నవ్వుకోబోయాను. నవ్వినా గొంతు మండేది.

చివరికి మిగిలినవి పాతబియ్యపు అన్నం, మిరియాల చారు. పత్యమంటే మావాళ్ళకు మిరియాల చారే. కాలిన గొంతులో మిరియాల చారు పోస్తే ఎట్లా ఉంటుందో అరిచి చెప్పాలంటే గొంతు కావాలి. అది ఉంటే ఈ చారెందుకు?

"మండతాండాదమ్మా," అంటే, అమ్మ సంతోషించేది. "మండనీ నాయనా. మండిందంటే లోపల పని చేస్తాండాదని."

ఒకరోజు నా భార్యను పట్టుకున్నాను.

"మే, డాక్టరు ఏదైనా తినొచ్చన్నాడు కదే."

"అన్నాడు. మరి తిను."

"ఏముందే తినడానికి?"

"అత్త వద్దంటాండాది. ఊరంతా వద్దంటాండాది. నేను పెట్టినానంటే, రేపు నీకేమన్నా అయితే అందరూ నన్నే కదా అనేది."

ఇంత మంది ప్రేమించే మనిషి ఆకలితో చచ్చే అవకాశం ఉందని నాకప్పుడే అర్థమైంది. కానీ అసలు సంగతి, నాకు ఆకలి కూడా లేదు. దాన్ని మాత్రం నేను ఎవరికీ చెప్పలేదు. పత్యం మీద కోపం తెచ్చుకోవడం దానికంటే సులువు.

జబ్బుకు ముందు నేను తిండికి వంకలు పెట్టే మనిషిని. ఉప్పు దగ్గర మాకు రోజూ ఒక మాట నడిచేది. నేను "ఉప్పెక్కువైంది" అనడం, ఆమె "బావా, నీకు నాలుక పొడుగు" అనడం, ఇది మా ఇంట్లో గోడ గడియారం మాదిరి ఒక చప్పుడు. ఇప్పుడు అది ఆగిపోయింది. ఏది పెట్టినా కంచాన్ని పక్కకు తోసి, గోడవైపు తిరిగి పడుకునేవాణ్ణి. అంగడిలో కూర్చుంటే బట్ట కొలుస్తూ కొలుస్తూ ఎంతవరకు వచ్చానో మరిచిపోయేవాణ్ణి. చచ్చిపోవాలని ఉండేది కాదు; బతకాలని కూడా ఉండేది కాదు. ఎవరూ అడగని రంగు గుడ్డను చుట్టచుట్టి పై అరలో పడేస్తామే, దాన్ని మేం తాను అంటాం. మనిషికీ గుడ్డచుట్టకూ ఒకటే మాట ఎందుకు పెట్టారో ఆ రోజుల్లో నాకు బాగా తెలిసింది.

నా భార్య కంచం ముందు కూర్చుని బతిమాలేది. "ఉప్పు లేదని అను బావా. ఊరికే అను. అబద్ధమైనా సరే."

"ఉండేదీ లేనిదీ తెలిస్తే కదా అనేది."

ఆమె కంచం తీసుకుని లేచేది. వంటింట్లో గిన్నెలు ఆ రోజు కొంచెం గట్టిగా మాట్లాడేవి.

ఉగాది దాటింది. వేపపూత పచ్చడి నోట్లో పెట్టుకుంటే చేదు కూడా తెలియలేదు. మద్రాసు పోయాం. తూకం మీద నిలబెట్టారు. నన్ను చూడగానే తెలిసిపోయేదానికి తూకమెందుకో! డాక్టరు ముల్లు చూసి మొహం చిట్లించి, ఇంగ్లీషులో నర్సమ్మను ఏదో అడిగాడు.

"ఏం తింటా ఉండారని అడగతా ఉండాడు," అంది ఆమె.

నా భార్య తల ఎత్తి, పరీక్షలో జవాబు తెలిసిన పిల్ల మాదిరి చెప్పింది. "పత్యం సార్. ఒక్క పూట గూడా తప్పలేదు."

"పత్యమా! ఎవరు చెప్పింది?"

అప్పుడు నాకు ఒళ్ళు మండింది. "అందరూ చెప్పినారమ్మా, ఈయన తప్ప. ఈయనను కూడా ఒక పత్యం చెప్పమను. ఏదో ఒకటి. చెప్పకపోతే మా ఇంట్లో ఈయనను డాక్టరని ఒప్పుకోవడం లేదు."

నర్సమ్మ చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతూ దాన్ని ఇంగ్లీషు చేసింది. డాక్టరు నవ్వలేదు. కలం కింద పెట్టి, కుర్చీ నా దగ్గరికి జరుపుకున్నాడు. "సరే. నీకేం తినాలని ఉందో చెప్పు. అదే పత్యమని నేను చెప్తాను," అన్నాడని ఆమె చెప్పింది.

ఇంతకంటే ఏం కావాలి? నెలల తరబడి ఎదురుచూసిన తీర్పు. నోరు తెరిచాను. ఏమీ రాలేదు. వంకాయ అనుకున్నాను; అక్కర్లేదు. పెరుగు అనుకున్నాను, అక్కర్లేదు. సంగటి, పప్పు, గోగాకు, ఊరు నా దగ్గర లాక్కున్నవన్నీ ఒక్కొక్కటీ పిలిచి చూశాను. దేని మీదా మనసు లేదు. నేరమంతా పత్యం మీద వేసుకుని హాయిగా ఉన్నవాణ్ణి, ఒక్కసారిగా నా ఎదురుగా నేను కూర్చున్నట్టయింది. నా భార్య నా మొహం వైపే చూస్తోంది. తెరిచిన నోరు అట్లాగే మూసుకున్నాను.

డాక్టరు మెల్లగా మాట్లాడాడు. నర్సమ్మ నా భార్యకు చెప్పింది. "నోటికి రుచి పోతే తిండిమీద మనసే పోతాదంట. అది కూడా ఈ రోగంలోదేనంట, మొండితనం కాదంట. నువ్వు కోప్పడొద్దు, ఏడవొద్దు అంటా ఉండాడు. ఇంక పత్యం ఏందంటే, ఇంట్లో మీరు ఏం తింటారో ఈయనకీ అదే పెట్టల్లంట. వేరేగా వండగూడదంట. ఇంకొక్క నెల చూస్తాడంట. అప్పటికీ ఇట్లే అయితే గొట్టమే."

నా భార్య మొహం ఎందుకో వాడిపోయింది. గొట్టం మాటకే అనుకున్నాను.

తెల్లారి గుంతకల్లులో రైలు దిగాం. మా ఊరి బస్సుకు ఇంకా టైముంది. బస్టాండు పక్క హోటల్లో బాండలిలో ఉగ్గాని కలుపుతున్నారు. బొరుగులను నీళ్ళలో నానబెట్టి పిండి, తిరగవాతలో కలిపి చేసే ఆ టిఫిను వాసన స్టేషను దాకా వస్తుందంటారు, నాకు రాలేదు. నా భార్యకు వచ్చినట్టుంది. నడుస్తున్నదల్లా ఆగిపోయింది.

"బావా, నేను తింటా."

హోటల్లో ఆడమనిషి కూర్చుని తినడం మావాళ్ళలో లేదు. ఆమె అయితే జీవితంలో గడప తొక్కలేదు. అటువంటిది, నేను ఔననకముందే లోపలికి పోయి బల్ల ముందు కూర్చుంది. ప్లేటు ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు వచ్చాయి. తల ఎత్తకుండా తింది. బజ్జీ కొరికి, కళ్ళల్లో నీళ్ళు తిరుగుతుంటే తుడుచుకోకుండా తింది. ఎదురుగా బొమికల గూడు మాదిరి మొగుడు కూర్చున్నాడని కూడా చూడలేదు.

"ఏమే, ఇంట్లో తిండి పెట్టడం లేదా నీకు?" అన్నాను, తమాషాకు.

ఆమె చెయ్యి ఆగింది. "ఇంట్లో మేం తినేది పెట్టమన్నాడు కదా డాక్టరు. మేమేం తింటాండామో తెలుసునా నీకు?"

"ఏం తింటాండారు?"

"నువ్వు తినేదే. ఆ చారే, ఆ అన్నమే. నీకు తిరగవాత వాసన తగిలితే ఆశ పుడతాది, పెట్టకపోతే నీ ఉసురు తగులుతాదని అత్త పొయ్యిమీద బాండలే పెట్టనియ్యలేదు. ఆవాల డబ్బా అటక మీద ఉండాది."

తిరగవాత అంటే కాగిన నూనెలో ఆవాలు, ఎండుమిరపకాయలు, కరివేపాకు వేసి చర్రుమనిపించడం. అది లేని వంటిల్లు మావైపు వంటిల్లు కాదు. నాకు వాసన తెలియలేదంటే తప్పు ముక్కుది, ముక్కుకు కూడా కరెంటు తగిలింది. చెవులకేం వచ్చింది? పూట పూటా వినబడే ఆ చర్రుమనే చప్పుడు నెలల తరబడి మా ఇంట్లో లేదు. గోడవైపు తిరిగి పడుకున్న నేను అది ఆగిపోయిందని కూడా వినలేదు.

సిగ్గుపడాల్సింది పోయి కోపమొచ్చింది. "ఎవరు పెట్టుకోమన్నారు మీకీ పత్యం?"

"నిన్ను ఆడ పండబెట్టి, నేను ఈడ బజ్జీలు తినాల్నా?"

"ఇప్పుడు తింటాండావు కదే!"

"ఇప్పుడు డాక్టరు చెప్పినాడు. ఇంట్లోవాళ్ళు తినేది నీకు పెట్టమన్నాడు. ముందు మేం తింటే కదా నీకు పెట్టేది?" అని ఇంకో బజ్జీ తీసుకుంది. తర్వాత గొంతు తగ్గించి, "ఆకలి బావా," అంది. "నీకు లేదు, సరే. నాకుండాది."

ఆమె ప్లేటు ఇటు తోసింది. మిరపకాయ తగలని చోట చూసి కొంచెం ఉగ్గాని నోట్లో వేసుకున్నాను. నానిన బొరుగులు, తడిసిన దూదిలాగా ఉన్నాయి. రుచా, వాసనా, ఏమీ లేదు. గొంతు దగ్గర అడ్డం పడ్డాయి. ఆమె లేచి, హోటలువాడి దగ్గర గ్లాసు మజ్జిగ పట్టుకొచ్చింది. పెరుగుతో పాటే ఊరు తీసుకుపోయిన మజ్జిగ! తాగాను. మండింది. దిగింది.

ఇంటికి పోగానే నా భార్య గడపలోనే చెప్పింది. "అత్తా, డాక్టరు పత్యం చెప్పినాడు."

అమ్మ మొహం వెలిగిపోయింది. "ఏమంటా?"

"ఇంట్లో ఏమొండితే అదే తినాలంట. వేరేగా వండినామంటే పెట్టిన కరెంటంతా వాపసు పోతాదంట." చివరి మాట డాక్టరుది కాదు.

"చూసినావా! ఇప్పుడు డాక్టరనిపిచ్చుకున్యాడు," అంది అమ్మ. ఎదురింటామె పెరుగు గురించి మళ్ళీ నోరెత్తితే, "మాది మద్రాసు పత్యమమ్మా, నీకు తెల్దు," అని నోరు మూయించింది.

ఆ పూట ఆవాల డబ్బా అటక దిగింది. నూనె కాగింది. నేను గోడవైపు తిరక్కుండా కూర్చున్నాను. ఆవాలు చిటపటమన్నాయి, మిరపకాయలు మాడాయి. నెలల కరువు తీర్చుకోవాలని ఎన్ని వేసిందో, ఘాటుకు అమ్మ తుమ్మింది, నేను తుమ్మాను, తిరగవాత పెట్టిన మనిషీ తుమ్మింది. ముగ్గురం కళ్ళు, ముక్కులు తుడుచుకుంటూ ఒకరినొకరం తిట్టుకున్నాం. ఆ గొడవలో దవడల కింద ఒక్క చినుకు పడ్డట్టు అనిపించింది. నిజంగా నోరే ఊరిందో, కంటినీరు జారి నోట్లో పడిందో ఇప్పటికీ చెప్పలేను.

సంగటిని మజ్జిగలో పలచగా పిసికి, పైన ఆ తిరగవాత నూనె కొంచెం వేసి ఇచ్చింది. సంగటిని నమలరు, మింగుతారు. అది దాని మర్యాద. నమలడానికి తడిలేని నాకు, జారిపోయే ఆ ముద్దే పనికొచ్చింది. ముగ్గురం ఒకసారే కూర్చుని తినేవాళ్ళం. నా కంచం వైపు ఎవరూ చూడకూడదని నేనొక పత్యం పెట్టాను, వాళ్ళకు. అమ్మ ఓరగా చూసేది.

అంతటితో అంతా బాగైపోయిందని రాస్తే నా భార్య ఒప్పుకోదు. చాలా పూటలు కంచం తోసేశాను. కొన్నాళ్ళు గోడ మళ్ళీ పిలిచింది, పోయాను కూడా. అయితే అటు తిరిగి పడుకున్నా, వంటింట్లో చర్రుమంటే వినబడేది. ముక్కూ నాలుకా సెలవులో ఉన్నన్నాళ్ళు నేను చెవులతోనే తిన్నాను.

నెల తిరిగి మద్రాసు పోతే, తూకం కిందికి పోలేదు. ఆ పైన, అంగడివాడు కొసరు వేసినంత ఎక్కువ. డాక్టరు గొట్టం వద్దన్నాడు. రైల్లో నా భార్య ఎవరూ చూడకుండా చూపుడువేలితో నా బొడ్డు పైన ఆ చోట గట్టిగా పొడిచింది. "నొప్పే!" అంటే, కిటికీలోంచి బయటికి చూసింది.

ఆ తర్వాత, విత్తనాల వానలు అరకొరగా పడ్డ రోజుల్లో, మధ్యాహ్నం గోగాకు పప్పుతో సంగటి తింటూ ఉన్నాను. నోట్లోంచి దానంతటదే మాట వచ్చింది.

"ఉప్పెక్కువైంది."

అమ్మ చెయ్యి కంచంలోనే ఆగింది. వంటింట్లోంచి నా భార్య గరిటెతోనే వచ్చింది. ఏడుస్తుందేమో, దేవుడికి దండం పెడుతుందేమో అనుకున్నాను. ఆమె నా కంచంలో వేలు పెట్టి నాకి చూసింది.

"యాడ ఎక్కువైంది? సరిగ్గానే ఉండాది."

"ఎక్కువే."

"అత్తా, నువ్వు చూడు."

అమ్మ కూడా చూసింది. "సరిపోయింది కదరా."

"ఇన్నాళ్ళూ సచ్చిపోయిన నాలుక, ఇయ్యాల లేచి నాకు ఉప్పు చెప్తాదా!" అంది నా భార్య. గరిటె నా మొహం ముందు ఊపుతోంది.

నాకు నిజంగానే ఒళ్ళు మండింది. ఎక్కువైందని చూపించడానికి ఇంకో ముద్ద తిన్నాను. వాళ్ళు ఒప్పుకోలేదు. ఇంకోటి తిన్నాను. కంచం ఖాళీ అయ్యేదాకా వాదించాను.

అమ్మ పోయేవరకూ ఒప్పుకోలేదు. నా భార్య ఇంకా ఒప్పుకోలేదు. ఆ పూట పప్పులో ఉప్పు ఎక్కువే.